మూలగోడలే బూరగా

ఇంట సంగీతము వినుటకై ధనమునకు వెనుదీయక లౌడుస్పీకర్లను కొనువారు, వాని పెట్టె ఏ కఱ్ఱతో చేసినదో, లోని శంకువు ఏ కాగితముతో మలచినదో, తీగ ఎంత లావుగా నున్నదో గంటల తరబడి చర్చింతురు. ఆ పెట్టె ఏ గోడ ముందర నిలువబోవుచున్నదో, ఆ గోడ బరువెంతయో, దాని మూల మట్టమునకు సరిగా కుదిరినదో లేదో విచారించువారు మాత్రము మిక్కిలి అరుదు. ఐనను మృదంగపు ఎడమవైపు మ్రోత, తంబురా మంద్రతంత్రి నాదము, పాశ్చాత్యుల ఆర్గాను వాద్యపు గంభీరస్వరము మొదలగువాని విషయమున, మన చెవిని చేరు ధ్వనిలో స్పీకరు పని ఎంతయో గోడల పనియు ఇంచుమించు అంతయే. స్పీకరునకు తగినట్లు గోడను కట్టుట యను మాట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని గోడ లేనిదే సంపూర్ణము కాకుండునట్లు రూపొందిన స్పీకరు ఒకటి 1946లో అమెరికాలో వెలువడి నేటికిని తయారగుచునే యున్నది. దానిని కొనితెచ్చుకొని, గదిలో తగిన మూల లేకపోవుటచే దాని కొఱకే గోడలు కట్టించుకొనినవారు గలరు. గోడకును స్పీకరునకును గల సంబంధమును తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు కనబడలేదు.

మొదట ధ్వనితరంగముల పొడవును తలపునకు తెచ్చుకొనవలెను. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 344 మీటర్లు పయనించును. కావున సెకనుకు వేయి కంపనములు గల స్వరమునకు తరంగదైర్ఘ్యము 34 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర. నూఱు కంపనముల స్వరమునకు దాదాపు మూడున్నర మీటర్లు. నలుబది కంపనముల స్వరమునకు 8.6 మీటర్లు. ఈ చివరి కొలత మన యిండ్లలోని పెద్ద గది పొడవును సైతము మించినది. తరంగము కంటె పెట్టె పెద్దదైనప్పుడు ధ్వని ముందునకే సూటిగా పోవును. పెట్టె కంటె తరంగము మిక్కిలి పెద్దదైనప్పుడు ఆ పెట్టె యొకటి యున్నదన్న స్పృహయే లేనట్లు ధ్వని దానిని చుట్టి అన్ని దిక్కులకును వ్యాపించును. కావుననే స్పీకరు ముఖము మనవైపు త్రిప్పియున్నను, దాని మంద్రస్వరములు మన వైపునకు ఎంతగా వచ్చునో వెనుక నున్న గోడ వైపునకు అంతగానే పోవుచుండును.

అట్లు వెనుకకు పోయిన ధ్వని గోడను తాకి తిరిగి వచ్చును. బరువైన, కదలని గోడ ధ్వనికి అద్దము వంటిది. గోడకు ఈవల స్పీకరు ఎంత దూరమున నున్నదో, ఆవల అంతే దూరమున దాని ప్రతిబింబమైన మఱియొక స్పీకరు నిలిచి అదే పాటను వినిపించుచున్నదని లెక్కవేసినచో, ఫలితము నిజమునకు చక్కగా సరిపోవును. స్పీకరు గోడకు ఒక మీటరు ముందర నున్నదనుకొందము. గోడ నుండి మఱలి వచ్చు ధ్వని నేరుగా వచ్చు ధ్వని కంటె రెండు మీటర్లు అధికముగా నడువవలసియుండును. 86 హెర్ట్జ్, అనగా సెకనుకు 86 కంపనములు గల స్వరమునకు తరంగదైర్ఘ్యము నాలుగు మీటర్లు గనుక, ఆ రెండు మీటర్లు సరిగా సగము తరంగమగును. ఒకటి గాలిని నెట్టు క్షణముననే రెండవది లాగుచుండుటచే, వినువాని చెవి వద్ద రెండును ఒకదానినొకటి చాలవఱకు హరించుకొనును. పాటలో ఆ యొక్క స్వరము వచ్చినప్పుడెల్ల ఏదో గుంటలో పడినట్లు బలహీనమగును. స్పీకరును అరమీటరునకు జరిపినచో ఆ గుంట 172 హెర్ట్జ్ నకు, పావుమీటరునకు జరిపినచో 344 హెర్ట్జ్ నకు ఎగబ్రాకునే గాని మాసిపోదు. ఎంత ఖరీదైన స్పీకరు కొనినను ఈ దోషము దానితో తొలగదు. అది దూరము వలన కలిగిన దోషము, స్పీకరు వలన కలిగినది కాదు. అమెరికా దేశీయుడగు రాయ్ ఆలిసన్ 1974లో ప్రకటించిన పరిశోధనావ్యాసమున, గదిగోడలు స్పీకరు వెలువరించు శక్తిని ఎట్లు మార్చుచున్నవో కొలిచి చూపి, గోడకు ఆనించి నిలుపుటకే ఉద్దేశింపబడిన స్పీకర్లను నిర్మించెను.

దూరమును తగ్గించుకొనుచు పోయి తుదకు దానిని శూన్యము చేసినచో ఏమగును? స్పీకరును దాని ప్రతిబింబమును ఒకే చోట నున్నట్లగుటచే, మంద్రస్వరములందు రెండును విరోధము మాని ఏకమగును. ఆరుబయట ఎత్తున వ్రేలాడదీసిన స్పీకరు తన ధ్వనిని సంపూర్ణగోళముగా వెదజల్లును. గోడకు చేరినప్పుడు అర్ధగోళముగా. గోడయు నేలయు కలియు చోట పావుగోళముగా. రెండు గోడలును నేలయు కలియు మూలయందు గోళములో ఎనిమిదవ వంతుగా. శంకువు కదలిక ఏమాత్రము మారకున్నను, ఒక్కొక్క తలము చేరినప్పుడెల్ల వెలువడు శక్తి రెట్టింపై, మూలకు చేరునప్పటికి ఎనిమిది రెట్లు, అనగా 9 డెసిబెళ్లు అధికమగును. గదిమూల యనునది ఎవరును మూల్యము చెల్లింపనక్కఱలేని ధ్వనివర్ధకము.

గోడను స్పీకరులో భాగముగా వాడుకొను ఆలోచన స్పీకరంత పాతది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను వారిరువురు 1925లో ప్రకటించిన స్పీకరే, అయస్కాంతము నడుమ కదలెడు తీగచుట్ట గల నేటి స్పీకర్లకు మూలపురుషుడు. శంకువు ముందరి గాలిని నెట్టునప్పుడు వెనుకటి గాలిని లాగును గనుక, ఆ రెండు ధ్వనులు కలిసి నశింపకుండ నడుమ ఒక అడ్డుపలక యుండవలెనని వారు గుర్తించిరి. అడ్డుపలక ఎంత విశాలమైన అంత మేలు; అన్నిటికంటె విశాలమైన పలక గోడయే. అందుచేతనే 1950 ప్రాంతముల అమెరికాలో సంగీతప్రియులు కొందఱు గోడకో, బట్టల గది తలుపునకో రంధ్రము చేసి స్పీకరును అందు బిగించిరి. ముందరి ధ్వని గదిలోనికి, వెనుకటి ధ్వని బట్టల గదిలోనికి. నేటికిని అనేక రికార్డింగు శాలలలో పెద్ద స్పీకర్లను గోడలోనికి చొప్పించి, వాని ముఖమును గోడ ముఖముతో సమముగా నిలుపుదురు. అప్పుడు వెనుకగోడ యనునదే లేదు గనుక, వెనుకకు పోయి మఱలి వచ్చు ధ్వని యను చిక్కును లేదు.

పాల్ విల్బర్ క్లిప్ష్ ఈ దారిలో ఇంకను ముందునకు పోయెను. 1904లో ఇండియానా రాష్ట్రమందలి ఎల్క్‌హార్ట్ పట్టణమున పుట్టిన ఈయన విద్యుచ్ఛాస్త్రమున పట్టభద్రుడై, చిలీ దేశపు నైట్రేటు గనుల రైలుదారిలో విద్యుదింజనులను మరమ్మతు చేసి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పైచదువు చదివి, నేల లోపలి చమురును వెదకు భూభౌతికశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆర్కాన్సా రాష్ట్రమందలి హోప్ అను చిన్న ఊరిలో సైన్యపు ఆయుధపరీక్షా కేంద్రమున అధికారియై యుండెను. మంద్రస్వరములను పలికించుటకు బూరను మించిన సాధనము లేదని ఆయన నమ్మకము. చిన్న వైశాల్యమున అధికపీడనముతో నున్న చలనమును పెద్ద వైశాల్యమున అల్పపీడనముతో నున్న చలనముగా క్రమముగా మార్చుట బూర చేయు పని. దానివలన శంకువునకు గాలిపై పట్టు చిక్కి, స్వల్పమైన కదలికతోనే గొప్ప ధ్వని పుట్టును. చిక్కెల్ల దాని పరిమాణములోనే యున్నది. 40 హెర్ట్జ్ వఱకు చక్కగా పనిచేయవలెనన్న బూర నోటి చుట్టుకొలత ఇంచుమించు ఒక తరంగమంత, అనగా 8.6 మీటర్లుండవలెను, నోటి వైశాల్యము దాదాపు 5.9 చదరపు మీటర్లగును. అది మన వీథిగుమ్మమునకు మూడింతలు. అట్టి బూరను ఏ గృహస్థుడు తన యింట నిలుపుకొనగలడు?

క్లిప్ష్ కనుగొనిన ఉపాయము మూల. గోళములో ఎనిమిదవ వంతునకే ధ్వనిని పంపు చోట బూర నోరును ఎనిమిదవ వంతైన చాలును, 5.9 చదరపు మీటర్లు 0.74కు దిగివచ్చును. బూర పొడవును మడతలు మడతలుగా పెట్టెలో ముడిచిపెట్టవచ్చును. తనకు కావలసిన బూరలో పెద్ద భాగము ప్రతి యింటను ముందే కట్టబడి సిద్ధముగా నున్నదని ఆయన గ్రహించుటయే ఈ శాస్త్రచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. 1941లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘపు పత్రికలో అల్పపరిమాణము గల మంద్రస్వరపు బూరను గూర్చి వ్యాసము వ్రాసి, యుద్ధము ముగిసిన పిదప 1946లో ఆ హోప్ ఊరిలోనే రేకులషెడ్డులో సంస్థను నెలకొల్పి, క్లిప్షార్న్ అను పేర దానిని తయారుచేయ నారంభించెను. నాలుగడుగులు దాటిన ఎత్తు గల ఆ పెట్టె నడుమ పదునైదంగుళముల శంకువు దాగియుండును; దాని ధ్వని మడతల దారులలో నడచి, తుదకు పెట్టె ప్రక్కపలకకును గది గోడకును నడుమ నున్న సందుల గుండ ఇరువైపుల వెలువడును. ఆ సందునకు ఒక వైపు చెక్క. రెండవ వైపు గోడ. గోడ లేనిచో బూరకు కడపటి భాగము లేదు. దీని ఫలముగా ఒక్క వాటు విద్యుత్తుతో ఒక మీటరు దూరమున సుమారు 105 డెసిబెళ్ల ధ్వని పుట్టును. సామాన్యమైన పెట్టె స్పీకరు 88 డెసిబెళ్లు ఇచ్చుననుకొనినచో, క్లిప్షార్నునకు ఒక్క వాటు చాలిన చోట దానికి ఏబది వాట్లు కావలసియుండును. శంకువు కదలిక స్వల్పమగుటచే ధ్వనిలో వికృతియు స్వల్పమే.

ఒంటి స్పీకరుతో పాట వినుచున్న కాలములో ఇంట ఒక్క మంచి మూల దొరకిన చాలియుండెను. ఇంగ్లండులో అలన్ బ్లుమ్‌లైన్ 1931లోనే పేటెంటు కోరిన స్టీరియో పద్ధతి 1957, 58 సంవత్సరములలో గ్రామఫోను రికార్డుల రూపమున బజారునకు వచ్చుటతో కథ మారినది. ఇప్పుడు ఒకే గోడకు రెండు చివరల రెండు మూలలు కావలెను. ఆ రెండింటిలోను తలుపు గాని, కిటికీ గాని, చలికాలపు పొయ్యి గాని ఉండరాదు. ఆ మూలల నడుమ దూరము మితిమీరరాదు. మితిమీరినచో గాయకుడు నిలువవలసిన నడిమి చోటు శూన్యమగును. అట్టి గదులకై క్లిప్ష్ నడుమ మూడవ స్పీకరును ఉంచుమనెను. అటువంటి గది దొరకనివారు తమకు వలసిన మూలలను తామే కట్టుకొనిరి. ఇటీవల వెనుక భాగమును చెక్కతోనే మూసి, గోడపై ఆధారపడుటను తగ్గించిన నమూనాలు వచ్చినవి గాని, పాతవానికి గోడ తప్పదు.

అట్టి గోడ ఎట్లుండవలెను? స్పీకరు అంచుతోనే అది ముగిసిపోరాదు. గోడ హఠాత్తుగా తెగిపోయిన చోట మంద్రస్వరము ఆ యంచును చుట్టి ఆవలికి జాఱిపోవును. పావుతరంగమును స్థూలమైన కొలబద్దగా గైకొనినచో, నాలుగడుగుల గోడ 70 హెర్ట్జ్ వఱకు మాత్రమే పూర్తి ఆసరా ఈయగలదు. 40 హెర్ట్జ్ నకు ఏడడుగులు కావలెను. అందుచేత ఒంటిగా నిలిచిన తడికవంటి పలకలతో సరిపెట్టుకొనుట కంటె, క్రొత్త గోడను నేల నుండి పైకప్పు వఱకు, పాత గోడను కలియు వఱకు కొనసాగించుట ఉత్తమమని నా యభిప్రాయము.

అంతకంటె ముఖ్యమైనది గోడ కదలకుండుట. అమెరికాలో ఇంటి లోపలి గోడలు సామాన్యముగా కఱ్ఱ చట్రమునకు ఇరువైపుల అరయంగుళపు జిప్సం బోర్డులు బిగించి కట్టినవి. పాత గోడ ముందర అట్టి చట్రమును నిలిపి ఒక బోర్డు బిగించినచో ఏమి జరుగునో లెక్కింపవచ్చును. బోర్డు బరువును చదరపు మీటరుకు కిలోగ్రాములలోను, దాని వెనుక గాలిసందు లోతును మీటర్లలోను గుణించి, వచ్చిన మొత్తపు వర్గమూలముతో 60ని భాగించినచో, ఆ బోర్డు ఏ స్వరమునకు తనంతట తాను ఊగునో తెలియును. బరువు 9 కిలోలు, సందు 0.09 మీటరు, లబ్ధము 0.81, వర్గమూలము 0.9, ఫలితము దాదాపు 67 హెర్ట్జ్. అనగా ఏ స్వరములను పెంచుటకై గోడ కట్టితిమో ఆ స్వరముల నడుమనే ఆ గోడ స్పీకరుతో పాటు ఊగి, ధ్వనిశక్తిని మ్రింగి వేడిగా మార్చివేయును. ఇట్టి గోడను కట్టుట కంటె మానుటయే మేలు. కఱ్ఱతోనే కట్టవలసి వచ్చినచో నిలువుకఱ్ఱలను దగ్గఱ దగ్గఱగా నిలిపి, వాని నడుమ అడ్డకఱ్ఱలు తాపి, దళసరి ప్లైవుడ్‌ను జిగురుతోను మరమేకులతోను బిగించి, దానిపై జిప్సం బోర్డును పఱచి, లోపలి సందులను ఇసుకతో గాని గాజుదూదితో గాని నింపవలెను. ఇసుక బరువునిచ్చుటయే గాక, దాని రేణువులు ఒకదానితో నొకటి రాచుకొనుటచే కంపనమును చంపివేయును. యార్క్‌షైరులో వార్ఫ్‌డేల్ సంస్థను స్థాపించిన గిల్బర్ట్ బ్రిగ్స్ రెండు ప్లైవుడ్ పలకల నడుమ ఇసుక పోసి స్పీకరు పలకలు చేయించెను. మూలలో ఇటుకలతోనే స్పీకరు పెట్టెను కట్టు విధానమును సైతము తన గ్రంథములలో వివరించెను.

ఈ విషయమున తెలుగునాట ఇండ్లు కట్టుకొనినవారు అదృష్టవంతులు. మన తొమ్మిదంగుళముల ఇటుకగోడ చదరపు మీటరుకు నాలుగు వందల కిలోలకు పైబడి తూగును. జిప్సం బోర్డుతో పోల్చినచో నలుబది రెట్లకు మించిన బరువు. నాలుగున్నర అంగుళముల అడ్డుగోడ సైతము మంద్రస్వరమునకు చలించునది కాదు. ఈనాటి అపార్టుమెంట్లలో వాడు తేలిక దిమ్మెల గోడలకు ఈ బరువు లేకున్నను, అవియు బోర్డు గోడల కంటె ఎన్నో రెట్లు దృఢమైనవి. మనకు ఎదురగు చిక్కు వేఱు: కాంక్రీటు స్తంభము గదిమూలలోనికి పొడుచుకొని వచ్చి, ఉండవలసిన ఒక్క మూలకు బదులు మెట్టువలె రెండు చిన్న మూలలను కల్పించుట. అట్టి చోట స్తంభపు ముఖముతో సమముగా ఇటుక పేర్చి, గోడను ముందునకు తెచ్చి, క్రొత్త మూలను కల్పించుటయే దారి. తాపీమేస్త్రి చేత మూలమట్టము పెట్టించి కోణమును, రసమట్టముతో నిలువును సరిచూపించుకొనవలెను. కోణము కొంచెము విచ్చుకొనినను పెట్టె అంచునకును గోడకును నడుమ సందేర్పడి, బూరలోని పీడనము ఆ సందు గుండ కాఱిపోవును. నేల ప్రక్కన గోడకు అంటించు స్కర్టింగు పలకలు కూడ ఈ హానినే చేయును. స్పీకరు నిలుచు మేర వానిని మానవలెను. తక్కిన సన్ననిసందులకు స్పంజి పట్టీ అంటించిన చాలును.

గట్టిగోడ వలన వచ్చు అనర్థమొకటి లేకపోలేదు. శక్తిని మ్రింగని గోడల నడుమ మంద్రస్వరములు నిలుచు తరంగములుగా మాఱి ప్రబలును. ఎదురెదురు గోడల దూరమునకు రెట్టింపు తరంగము గల స్వరమును, దాని గుణిజములును గదికి సహజస్వరములు. ఇరువది అడుగుల పొడవు, పదేసి అడుగుల వెడల్పును ఎత్తును గల గదిని గైకొనుడు. పొడవునకు 28, 56 హెర్ట్జ్, వెడల్పునకు 56, ఎత్తునకు 56. మూడు దిక్కుల సహజస్వరములును ఒక్కచోటనే కూడి, 56 హెర్ట్జ్ వద్ద గది గుమ్మని మ్రోగును. మూలలో నున్న స్పీకరు గది సహజస్వరముల నన్నిటిని మేల్కొలుపును గనుక ఈ బాధ అధికమని కొందఱు మూలస్పీకర్లను ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ నిజమే. దానికి సమాధానము గోడలోనే యున్నది. కట్టబోవు గోడను రెండున్నర అడుగులు లోనికి జరిపి పొడవును పదునేడున్నర అడుగులు చేసినచో, ఆ స్వరములు 32, 64 లకు తొలగి తక్కినవానితో కలియక విడివడును. వెడల్పును ఎత్తును సమానముగా నుండుట వలని దోషము ఇంకను మిగులును. దానికి ప్రక్కగోడను కదపక తప్పదు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన రిచర్డ్ బోల్ట్ 1946లో సహజస్వరములు సమముగా చెదరియుండునట్టి గదికొలతల నిష్పత్తులను లెక్కగట్టి చూపెను. 1 : 1.26 : 1.59 నిష్పత్తి, అనగా పదడుగుల ఎత్తునకు ఇంచుమించు పండ్రెండున్నర అడుగుల వెడల్పు, పదునాఱు అడుగుల పొడవు, పలువురు మెచ్చినట్టిది.

ఇట్టి ఇటుకగదిలో పైస్వరముల సంగతి వేఱు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగ్ చిత్రశాలలోని ఉపన్యాసమందిరమున మాట అర్థము కానంత ప్రతినాదము పుట్టుచుండగా, వాలెస్ సబైన్ అను యువాచార్యుడు ప్రక్కనున్న శాండర్స్ నాటకశాల నుండి రాత్రివేళల మెత్తలను మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుస చేర్చినప్పుడు ప్రతినాదము ఎంత తగ్గెనో కొలిచి, తెల్లవాఱునంతలో వానిని తిరిగి చేర్పించుచు, తుదకు సూత్రమును సాధించెను. గది ఘనపరిమాణమును 0.161తో గుణించి, శోషణముతో భాగించినచో ప్రతినాదము నిలుచు కాలము సెకన్లలో వచ్చును. పైన చెప్పిన నిష్పత్తి గల గది 57 ఘనపు మీటర్లు. సిమెంటు పూత, నేల, కప్పు తలములన్నియు కలిసి 90 చదరపు మీటర్లు. అవి నూటికి మూడు పాళ్లు మాత్రము ధ్వనిని మ్రింగుననుకొనినచో ప్రతినాదకాలము మూడు సెకన్లకు మించును. సంగీతము వినుటకు అర సెకనునకు లోబడియుండవలెను గనుక, మఱి పదునాఱు చదరపు మీటర్లకు సరియగు శోషణము కావలెను. తివాచీలు, దళసరి తెరలు, పరుపు గల ఆసనములు, దూది నింపిన పలకలు ఆ లోటును తీర్చును. వీనిని స్పీకర్ల మూలలలో ఉంచరాదు. ఎదుటి గోడకును ప్రక్కగోడలకును పంచవలెను. పుస్తకముల బీరువా ఎదుటిగోడకు చక్కని అలంకారము. ఎగుడుదిగుడైన దాని ముఖము ధ్వనిని ఒక్క దిక్కునకు గాక పలుదిక్కులకు చెదరగొట్టును.

మూలలలో నిలిచిన స్పీకర్లు నలుబదియైదు డిగ్రీల వాలున గది నడుమకు చూచుచుండును గనుక, వాని చూపులు గోడ పొడవులో సగము దూరమున కలిసికొనును. పై గదిలో పండ్రెండున్నర అడుగుల గోడకు అది ఆఱుంబావు అడుగులు. అంత దగ్గఱ కూర్చున్నవానికి స్పీకర్ల నడుమ కోణము తొంబది డిగ్రీలగును; దాదాపు పదునొకండు అడుగుల దూరమునకు వెనుకకు జరిగినచో అది అఱువది డిగ్రీలకు కుదిరి, సమబాహుత్రిభుజ మేర్పడును. కాని గది నడుమ పొడవు వెంబడి మొదటి సహజస్వరమునకు పీడనమే యుండదు, వెనుకగోడ యొద్ద అన్ని స్వరములకును పీడనము పరాకాష్ఠ నందును. కావున ఆ రెండు తావులను విడిచి, మధ్యరేఖపై అడుగడుగునకు కుర్చీని జరుపుచు, మెల్లగా పైకి ప్రాకు స్వరమును వినిపించుచు, హెచ్చుతగ్గులు తక్కువగా వినబడు చోటును ఎన్నుకొనవలెను. ఆ చోటు స్థిరపడిన తరువాతనే తెరల స్థానమును నిర్ణయింపవలెను. ఎడమ స్పీకరు పైస్వరము మధ్యరేఖను దాటి కుడిగోడను తాకి చెవిని చేరును, కుడిది ఎడమగోడను తాకి చేరును. వినువాడు కుర్చీలో కూర్చుండగా మఱియొకరు అద్దమును గోడ వెంబడి జరుపుచు పోయినచో, ఎదుటి మూల స్పీకరు అద్దములో కనబడిన తావే తెరను వ్రేలాడదీయవలసిన తావు.